లాయర్ లేని ఖైదీ దావా: సాక్షి బత్తా ఎవరు కట్టాలి?

ప్రశ్న: మా తమ్ముడు కాలిఫోర్నియాలో స్టేట్ జైల్లో ఉన్నాడు. మోకాలి దెబ్బకు వైద్యం చేయించకుండా నెలల తరబడి తిప్పారని, లాయర్ లేకుండా తనే ఫెడరల్ కోర్టులో సెక్షన్ 1983 (ప్రభుత్వ అధికారులు హక్కులకు భంగం కలిగిస్తే దావా వేయనిచ్చే చట్టం) కింద దావా వేశాడు. డబ్బు లేదంటే ఫీజు ముందే కట్టక్కర్లేదని జడ్జి ఆర్డర్ ఇచ్చారు. కేసు ఇప్పుడు ట్రయల్‌కి వచ్చింది. అప్పట్లో అక్కడ పనిచేసి రిటైరైన నర్సు, పక్క సెల్లో ఉన్న ఖైదీ వచ్చి సాక్ష్యం చెప్పాలి. వాళ్ల ఖర్చు కోర్టు పెట్టుకుంటుందా?
- ఒక అక్క, శాక్రమెంటో

జవాబు: పెట్టుకోదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మీ తమ్ముడికి వచ్చిన ఆర్డర్‌తో 350 డాలర్ల ఫైలింగ్ ఫీజు కూడా మాఫీ కాలేదు. 1996 నాటి చట్టం ప్రకారం అది అతని జైలు ఖాతాలోంచి వాయిదాల్లో కోత పడుతూనే ఉంటుంది. ఆ ఆర్డర్ వల్ల సమన్లు, సబ్‌పీనాలు (సాక్షిని రమ్మనే కోర్టు ఆదేశాలు) మార్షల్ అనే ఫెడరల్ అధికారి చేత ఉచితంగా అందుతాయి, అంతే. సాక్షి బత్తా అందులోకి రాదని ఫెడరల్ అప్పీలు కోర్టులు చాలాసార్లు చెప్పాయి. మీ ప్రాంతానికి వర్తించే తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 1989లోనే తేల్చేసింది. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ దాని మీద వాదిస్తూ కూర్చుంటే ట్రయల్ తేదీ ఆగదు.

లెక్క చూద్దాం. సాక్షికి రోజుకు 40 డాలర్లు, దానిపైన రానుపోను మైలేజీ. నర్సు ఇల్లు కోర్టుకు 60 మైళ్ల దూరంలో ఉందనుకోండి. రానుపోను 120 మైళ్లు. 2025లో రేటు మైలుకు 70 సెంట్లు, ఆ లెక్కన 84 డాలర్లు. మొత్తం 124. ఒక రోజు బత్తా, ఈ మైలేజీ సబ్‌పీనాతో పాటే ఆమె చేతికి అందాలి. అందకపోతే ఆ సబ్‌పీనా చెల్లదు, ఆమె రాకపోయినా కోర్టు ఏమీ అనదు.

మన కోర్టుల్లో బత్తా కోర్టులో జమ కడతాం కదా, ఇక్కడ అలా కాదు. మీ ప్రాంతపు ఫెడరల్ కోర్టు ఖైదీల కేసుల్లో మామూలుగా అడిగేది సాక్షి పేరు మీదే తీసిన మనీ ఆర్డర్. కోర్టు పేరు మీద తీస్తే వెనక్కి వస్తుంది. జైలు ఖాతా నుంచి డబ్బు తీయడానికి వారాలు పట్టొచ్చు. మీరు పోస్టాఫీసులో కొని ఇవ్వొచ్చు, కుటుంబం కట్టకూడదని ఎక్కడా లేదు. అయితే కోర్టులో పిటిషన్ మాత్రం అతనే వేయాలి, అతని తరఫున మీరు సంతకం పెట్టకూడదు.

ఖైదీ సాక్షి సంగతి వేరు. జైల్లో ఉన్న సాక్షికి బత్తా లేదు. ఉందని 1991లో సుప్రీంకోర్టు అంటే, మరుసటి ఏడాదే కాంగ్రెస్ చట్టం మార్చేసింది. అతనికి సబ్‌పీనా పనిచేయదు. అతన్ని కోర్టుకు తీసుకురమ్మని జైలు అధికారికి రిట్ ఇవ్వమని మోషన్ వేయాలి. అతను కళ్లారా చూసిందేమిటి, ఇష్టంగా వస్తాడా లేదా అన్నది డిక్లరేషన్‌గా (నిజమేనని ఒట్టుతో సంతకం చేసిన కాగితంగా) జతచేయాలి. ‘అతనికి అన్నీ తెలుసు’ అని రాస్తే జడ్జి పక్కన పడేస్తారు. ‘ఫలానా రోజు మోకాలు వాచి లేవలేకపోతే నేనే పిలిచాను, ఎవరూ రాలేదు’ లాంటి మాట కావాలి.

సొంతంగా వస్తానన్న సాక్షికి సబ్‌పీనా అక్కర్లేదు, బత్తా ముందే ఇవ్వాల్సిన పనీ లేదు. కాబట్టి నర్సును ముందు మర్యాదగా అడిగించండి. ఆమె చెప్పేది మెడికల్ రికార్డులో ఉన్నదే అయితే, ఆ కాగితాల్ని సాక్షి లేకుండానే ఒప్పుకోమని అవతలి లాయర్లను అడగొచ్చు. చాలాసార్లు ఒప్పుకుంటారు, ఆ 124 డాలర్లు మిగులుతాయి.

గెలిస్తే సాక్షి ఖర్చు అవతలివాళ్ల మీద వేయించుకోవచ్చు, అందుకే మనీ ఆర్డర్ రసీదు దాచండి. ఓడితే అవతలివాళ్ల ఖర్చులు ఇతని ఖాతా మీద పడొచ్చు, అదీ తెలిసి ఉండాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముందు నర్సు ప్రస్తుత అడ్రసు కనుక్కోండి. మార్షల్ వెతికి పెట్టడు, మైళ్ల లెక్క కూడా ఆ అడ్రసు నుంచే మొదలవుతుంది.