లేతు మిషన్ దగ్గరికి రివాల్వర్ పంపకండి

ప్రశ్న: పర్లాకిమిడిలో నాకు చిన్న బంగారం కొట్టు ఉంది. 2010లో లైసెన్సు మీద కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ కొన్నాను. సరుకు కోసం విశాఖ వెళ్లేటప్పుడు అది వెంట ఉంటే ధైర్యం. ఇప్పుడు తూటాలు పెట్టే గదులున్న సిలిండర్ తిరగడం లేదు, ట్రిగ్గర్ పట్టేస్తోంది. విశాఖలో ఆయుధాల దుకాణానికి ఫోన్ చేస్తే, పార్టులు మార్చాల్సి వస్తే 14 వేల దాకా అవుతుందన్నారు. మా వీధిలో లేతు మిషన్ ఆయన 1,500కే చేసిపెడతానంటున్నాడు. వీడియోలు చూసి నేనే విప్పుకుందామా అని కూడా ఉంది. ఏది లాభం?

జవాబు: లెక్కల్లోకి వెళ్లే ముందు ఒకటి అడగాలి. తూటాలు లోపల ఉండగానే సిలిండర్ బిగుసుకుపోయిందా? అలా అయితే ఇక దాన్ని ముట్టుకోకండి. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పడం, నూనె పోసి బలవంతం చేయడం అసలు వద్దు. పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచి, మీ స్టేషన్‌కు చెప్పి, ఏం చేయాలో వాళ్లనే అడగండి. ఖాళీగా ఉందని ఖాయమైతేనే కింది మాటలు.

మీరు మూడు దారులు రాశారు. నా దృష్టిలో అందులో రెండు అసలు దారులే కావు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ అమ్మడానికే కాదు, రిపేరు చేయడానికీ లైసెన్సు ఉండాలి. మీ దగ్గరున్నది ఆయుధం ఉంచుకునే లైసెన్సు. అది రిపేరు లైసెన్సు కాదు. పైపైన తుడిచి శుభ్రంగా ఉంచుకోవడం వేరు, లోపలి పార్టు విప్పి అరగదీయడం వేరు. 5వ సెక్షన్ మీరితే 25వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, 7 ఏళ్లకు తగ్గని జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. లేతు ఆయనకూ ఇదే వర్తిస్తుంది. ఆయుధం ఉంచుకునే హక్కు లేని మనిషి చేతికి ఇచ్చినందుకు మీ మీద ఇంకో కేసు కూడా రావచ్చు, లైసెన్సు కూడా పోవచ్చు. పాపం ఆయన మీకు సాయం చేద్దామనే అనుకుని ఉంటాడు. ఆయన కుటుంబాన్ని ఈ చిక్కులోకి లాగకండి.

చట్టం సంగతి పక్కన పెట్టినా ఇది లేతు మీద తేలే పని కాదు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ సిలిండర్ ఒక గది మేర తిరిగి, ఆ గది సరిగ్గా బ్యారెల్‌కు ఎదురుగా వచ్చి ఆగాలి. తిప్పే చిన్న పార్టు గానీ ఆపే పార్టు గానీ కాస్త ఎక్కువ అరిగితే తూటా నేరుగా బ్యారెల్‌లోకి పోదు, అంచుకు తగులుతుంది. సీసం ముక్కలు పక్కలకు చిమ్ముతాయి. రిపేరు సరిగ్గా కుదరలేదని మీకు తెలిసేది అప్పుడే, అదీ మీ చేతిలో.

ఇక విశాఖ సంగతి. మనం ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆంధ్రలోని పాతపట్నం మనకు పక్క ఊరిలాగే ఉంటుంది, రోజూ వెళ్లొస్తాం. కానీ ఆయుధం లైసెన్సులో అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. మీది ఒడిశా వరకే అయితే పాతపట్నంలో అడుగు పెట్టిన క్షణం నుంచి మీరు తప్పులో ఉన్నట్టే. ఇన్నాళ్లూ విశాఖకు వెంట తీసుకెళ్లారని రాశారు, అది చదివి నాకు నిజంగా కంగారు వేసింది. ఈ రాత్రికే లైసెన్సు తీసి ఆ గడి చదవండి. ఆంధ్రకు చెల్లకపోతే ఒడిశాలోనే రిపేరు లైసెన్సున్న దుకాణం ఎక్కడుందో కలెక్టరేట్‌లో ఆయుధాల సెక్షన్‌లో అడగండి. దారి ఖర్చు రెండు వేలు ఎక్కువైనా ఫర్వాలేదు. దుకాణంలో ఇచ్చేటప్పుడు ఆయుధం నంబరు రాసిన రసీదు తీసుకోండి, ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి తీసుకున్నట్టే.

ఇప్పుడు డబ్బు లెక్క. 14 వేలు ఫోన్‌లో చెప్పిన మాట. దుకాణంవారు చూసి రాతపూర్వకంగా ఎస్టిమేట్ ఇచ్చాకే నిర్ణయం తీసుకోండి. నేనైతే, ఆ ఆయుధం ఇవాళ అమ్మితే వచ్చే ధరలో మూడో వంతు దాటితే రిపేరు చేయించను. కొత్తది కొందామన్నా తేలిక కాదు. ధర లక్ష దాటుతుంది, పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది. అమ్మాలనుకుంటే లైసెన్సున్న మనిషికే అమ్మాలి. కొనేవారి పేరు, చిరునామాతో కలెక్టర్‌కు గానీ దగ్గరి స్టేషన్‌కు గానీ రాసిచ్చి 45 రోజులు ఆగాలి.

అయితే మీరు అడగని ప్రశ్నే నన్ను ఎక్కువ తొలుస్తోంది. మీ కొట్టు సరుకుకు బీమా ఉందా? ఉత్తరంలో ఆ మాటే లేదు. బంగారం కొట్లకు జ్యువెలర్స్ బ్లాక్ పాలసీ అని ప్రత్యేకంగా ఉంది. కొట్లో ఉన్న సరుకు, మీ చేతిలో లేదా మీ మనుషుల చేతిలో దారిలో ఉన్న సరుకు, పార్సిల్‌లో పంపిన సరుకు, ఫర్నిచర్, ఇలా వేర్వేరు సెక్షన్లుగా ఉంటుంది. మీ భయం విశాఖ ప్రయాణం గురించే అయితే ఆ రెండో సెక్షన్ తీసుకున్నారా, ఎంతకు తీసుకున్నారు అన్నది రివాల్వర్ కన్నా ముందు చూడాలి.

పాలసీ ఉన్నా బంగారం ధర పెరిగిన ఈ కాలంలో బీమా మొత్తం చాలడం లేదు. చాలా పాలసీల్లో లెక్క ఇలా ఉంటుంది: కొట్లో 60 లక్షల సరుకు ఉండి మీరు 40 లక్షలకే బీమా చేస్తే, 9 లక్షల దొంగతనానికి 6 లక్షలే వస్తాయి. మిగతా 3 లక్షలు మీ జేబులోంచి. ఇంకో షరతు కూడా చదవండి. కొట్టు కట్టేశాక సేఫ్‌లో పెట్టకుండా అద్దాల షోకేసులో వదిలేసిన నగలకు సాధారణంగా క్లెయిమ్ రాదు. నా దగ్గరికి వచ్చే ఒకరికి ఇలాగే జరిగింది. వాళ్ల ఇంటి బీరువాలో మంచి కండిషన్లో లైసెన్సు రివాల్వర్ ఉంది, ఆ రాత్రి అది దేనికీ అక్కరకు రాలేదు. ఆ కుటుంబం కోలుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. మీకు అలా కాకూడదనే ఇంత రాస్తున్నాను.

అందుకే ఆ 14 వేలు చేతిలో ఉంటే నేను చేసే వరుస ఇది. పాలసీ మొత్తాన్ని ఇప్పటి సరుకు విలువకు పెంచడానికి ముందు ఖర్చు పెడతాను. కౌంటర్ దగ్గర నగదు తగ్గేలా యూపీఐ, బ్యాంకు ద్వారానే ఎక్కువ వసూలు చేస్తాను. ఆ తర్వాత మిగిలితే, ఎస్టిమేట్ సబబుగా ఉంటే, రివాల్వర్ లైసెన్సున్న దుకాణానికి. లైసెన్సు 5 ఏళ్లకోసారి రెన్యువల్ అవుతుంది కదా, మీ తేదీ దగ్గర పడి ఉంటే మాత్రం అది అన్నిటికన్నా ముందు. గడువు తీరిన లైసెన్సుతో ఆయుధాన్ని ఏ దుకాణానికీ తీసుకెళ్లకండి.

ఎస్టిమేట్ కాగితం వచ్చాక, మీ పాలసీ మొదటి రెండు పేజీలతో కలిపి నాకు పంపండి. ఆధార్ నంబరు, లైసెన్సు నంబరు కనిపించకుండా కొట్టేయండి. మొత్తం ఎంత పెంచాలో లెక్క కట్టి చెబుతాను.