చరిత్రను పలు కోణాల్లో చెబితే నిజం అంటూ ఏదీ మిగలదా?

మిగులుతుంది, ఒక సంఘటనను వేర్వేరు పక్షాల వైపు నుంచి బడిలో చెప్పినంత మాత్రాన జరిగిన విషయం మారదు, అది ఎవరికి ఎలా తగిలిందో కూడా తెలుస్తుంది.

తేదీలు, ఒప్పందాలు, చనిపోయినవారి లెక్కలు ఆధారాల మీద నిలబడతాయి. కానీ ఆ ఆధారాలను రాసిపెట్టినవాళ్లు ఎక్కువగా అధికారంలో ఉన్నవాళ్లు, చదువు వచ్చినవాళ్లు. పొలం పోగొట్టుకున్న రైతు మాట రికార్డుల్లోకి ఎక్కడం అరుదు. అందుకే ఒక్క పక్షం పత్రాలు చదివి ఊరుకుంటే సగమే తెలుస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఓడిన జర్మనీతో గెలిచిన దేశాలు 1919లో చేసుకున్న వెర్సాయ్ ఒప్పందం చూడండి. జూన్ 28న సంతకాలయ్యాయి. 231వ అధికరణ యుద్ధ నష్టాల బాధ్యతను జర్మనీ, దాని మిత్రదేశాల మీద పెట్టింది. ఇందులో వాదనకు తావు లేదు. నాలుగేళ్లు తన నేల మీదే యుద్ధం సాగి ఊళ్లు, గనులు నాశనమైన ఫ్రాన్స్‌కు జర్మనీ నుంచి పరిహారం రాబట్టడం న్యాయమే అనిపించింది. చర్చల్లో చోటివ్వకుండా సంతకం పెట్టించారని జర్మన్లు రగిలిపోయారు. ఈ రెండూ తెలియకపోతే, ఆ కోపాన్ని నాజీలు ఎలా వాడుకోగలిగారో విద్యార్థికి అంతుపట్టదు.

చాలామంది పొరబడేది ఒక చోట: పలు కోణాలంటే అన్ని వాదనలకూ సమాన మార్కులు వేయడమే అనుకుంటారు. యూదుల మారణహోమం జరగలేదనడం కోణం కాదు, పచ్చి అబద్ధం. ఏ వాదన వచ్చినా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఆధారం ఏది అని పిల్లలచేత అడిగించాలి. దీనికి బట్టీ పట్టించడం కంటే క్లాసులో ఎక్కువ టైం కావాలి, అది ఇవ్వాల్సిందే.