శిక్షా, బహుమతా: నిషేధం ముగియగానే మళ్లీ తిట్టే ఆటగాళ్ల సంగతి

మీ మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్‌లో ఏడు రోజుల నిషేధం ముగియగానే అదే ఆటగాళ్లు మళ్లీ బూతులకు దిగుతున్నారు; శిక్ష పెంచాలా, మర్యాదగా ఆడేవారికి బహుమతులు ఇవ్వాలా అన్నది ప్రశ్న. వారు మారకపోవడానికి కారణం శిక్ష చాలకపోవడం కాదు, అది దేనికి పడిందో వారికి తెలియకపోవడమే అయి ఉంటుంది. మామూలు నిషేధపు కమాండ్‌తో కారణం రాయకుండా నిషేధిస్తే, ఆపరేటర్ (అడ్మిన్) నిషేధించారన్న ముక్క తప్ప తెరపై కారణమేదీ కనిపించదు. ఇక ఆ ఆటగాడు తన తప్పును వదిలి అడ్మిన్‌నే తిట్టుకుంటాడు.

1. నిషేధపు కమాండ్‌ చివర కారణం రాసే వీలుంది. చాలామంది వదిలేసేది దీన్నే. అక్కడ "అసభ్య ప్రవర్తన" అని పొడిగా రాయకుండా, అతడు ఏ రోజు ఎవరిని ఏమన్నాడో చాట్ లాగ్ నుంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆన్‌లైన్ ఆట నిర్వాహకులు శిక్షతో పాటు చాట్ నకలునూ చూపడం మొదలుపెట్టాక, అదే తప్పు తిరిగి చేసేవారు తగ్గారని వెల్లడించారు.

2. తొలి తప్పుకు, సర్వర్‌కు అదనపు కమాండ్‌లు ఇచ్చే ఎసెన్షియల్స్‌ఎక్స్ ప్లగిన్ ఉంటే, ఒక రోజు మ్యూట్ చేయండి. నోరు కట్టేస్తే చాలు, ఆట మాన్పించనక్కరలేదు.

3. బహుమతులు ఆ తరువాతే. 2018లో ఓవర్‌వాచ్ అనే ఆన్‌లైన్ ఆట తెచ్చిన ఎండార్స్‌మెంట్ పద్ధతిలో మెప్పు ఇచ్చేది తోటి ఆటగాళ్లే. మీరూ ఓటింగ్ పెట్టి పేరు ముందు ఒక బిరుదు చేర్చవచ్చు. ఆటలోని వజ్రాలు మాత్రం బహుమతిగా వద్దు, వాటి కోసం స్నేహితులు ఒకరికొకరు ఓట్లు వేసుకుంటారు. అయితే ఇది మామూలు ఆటగాళ్ల మర్యాదను నిలుపుతుందే తప్ప, ఆ ఇద్దరు ముగ్గురు నోటిదురుసువాళ్లను మార్చదని నా అభిప్రాయం. వారికి మొదటి మెట్టే మందు.