అనుభవం ఉంటే సరిపోదు, పేజీలో కనిపించాలి

ప్రశ్న: బట్టలు ఉతికే యంత్రాల మరమ్మతు నా వృత్తి. ఆ పని గురించే సొంత వెబ్‌సైటులో వ్యాసాలు రాస్తున్నాను. అయినా గూగుల్‌లో వెతికితే, యంత్రాన్ని ఎన్నడూ విప్పి చూడనివారు రాశారని ఇట్టే తెలిసిపోయే పేజీలు నా పేజీలకంటే పైన వస్తున్నాయి. ప్రతి వ్యాసం కింద రచయిత పరిచయం, ఫొటో పెడితే ‘ఈ-ఈ-ఏ-టీ స్కోరు’ పెరిగి ర్యాంకు మెరుగుపడుతుందని ఒకరు సలహా ఇచ్చారు. నిజమేనా?

జవాబు: అలాంటి స్కోరు ఏదీ లేదు. అనుభవం, నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత అనే నాలుగు గుణాల ఆంగ్ల పేర్లలోని తొలి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. శోధన ఫలితాల నాణ్యతను పరిశీలించే మదింపుదారులకు గూగుల్ ఇచ్చే మార్గదర్శకాల్లో మొదట మూడు గుణాలే ఉండేవి. 2022 డిసెంబరులో అనుభవాన్ని కూడా చేర్చారు. మదింపుదారులు వేసే మార్కులు ఏ పేజీ ర్యాంకునూ నేరుగా మార్చవు. శోధన వ్యవస్థలో తలపెట్టిన మార్పుల వల్ల ఫలితాలు మెరుగవుతున్నాయో లేదో తేల్చుకోవడానికి మాత్రమే వాటిని వాడతారు. అయితే ఈ గుణాలున్న పేజీలను పోల్చుకోవడానికి పనికొచ్చే సంకేతాలు అనేకం తమ వ్యవస్థలో ఉన్నాయని గూగుల్ చెబుతోంది కనుక, వీటిని పట్టించుకోవలసిందే.

రచయిత పరిచయం పెట్టండి. రాసిందెవరో తెలుసుకునే హక్కు పాఠకుడికి ఉంది. కానీ వ్యాసంలో లేని అనుభవాన్ని ఆ నాలుగు వాక్యాలు తెచ్చిపెట్టలేవు. యంత్రంలోంచి నీళ్లు బయటికి పోకపోవడం గురించి రాస్తున్నారనుకుందాం. ‘గొట్టం, ఫిల్టరు, పంపు పరిశీలించండి’ అని ఎవరైనా రాయగలరు. ముందు ప్లగ్గు తీయాలనీ, ఫిల్టరు మూత తిప్పగానే లోపల నిలిచిన నీరంతా నేలమీదికి వస్తుంది కాబట్టి అడుగున వెడల్పాటి పళ్లెం పెట్టుకోవాలనీ, ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే ఒక్కోసారి నాణెమో, తలపిన్నో పంపు రెక్కల మధ్య ఇరుక్కుని కనిపిస్తుందనీ రాసినవాడు ఆ పని చేసినవాడు. చాలా పంపుల్లో లోపల అయస్కాంతం ఉండటం వల్ల రెక్కలను వేలితో తిప్పితే సాఫీగా తిరగకుండా ఆగి ఆగి తిరుగుతాయి. కొత్తవాళ్లు అది చూసి పంపు పాడైపోయిందనుకుని అనవసరంగా కొత్తది కొంటారు. ఈ ఒక్క మాట మీ వ్యాసంలో ఉంటే, పాఠకుడు వెనక్కి వెళ్లి మరో పేజీ తెరవవలసిన అవసరం తగ్గుతుంది.

పని చేస్తూ మీరే తీసిన ఫొటోలు వాడండి, మసకగా ఉన్నా ఫరవాలేదు. ఏ లక్షణం కనిపిస్తే మీరు దేన్ని అనుమానిస్తారో, ఏ దశ దాటాక సొంతంగా ప్రయత్నించకుండా పనివాడిని పిలవాలో స్పష్టంగా చెప్పండి. నైపుణ్యం ఎక్కువగా బయటపడేది ఇలాంటి హద్దుల దగ్గరే. వ్యాసం ఇన్ని పదాలుండాలన్న నియమం గూగుల్‌కు లేదు. విషయాన్ని తాకకుండా తేదీ మాత్రం మార్చి కొత్తదిగా చూపించడం వల్ల ప్రయోజనం లేకపోగా, అది చేయకూడని పని అని గూగుల్ సూచనల్లోనే ఉంది.

ప్రామాణికత మాత్రం మీ చేతిలో పూర్తిగా లేదు. ఇతరులు మీ వ్యాసాన్ని ఆధారంగా చూపించి లింకు ఇస్తే వచ్చేది అది, దానికి సమయం పడుతుంది. ఈలోగా వెబ్‌సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో మీ పేజీలు ఇండెక్స్ అయ్యాయో లేదో, అంటే గూగుల్ శోధన జాబితాలోకి చేరాయో లేదో, జనం ఏ మాటలతో వెతికి అక్కడికి వస్తున్నారో చూసుకోండి. మీరు శీర్షికలో ‘డ్రెయిన్ పంపు లోపాలు’ అని రాస్తే, ‘మెషిన్‌లో నీళ్లు పోవడం లేదు’ అని వెతికే మనిషి అది తనకోసమేనని గుర్తించలేకపోవచ్చు.

ప్రశ్న: నాకు మధుమేహం ఉంది. దానితో రోజులు గడిపే తీరు గురించి రాస్తుంటాను. వైద్య అర్హత లేదు. నమ్మకం కలగడానికి ‘వైద్యులు సమీక్షించినది’ అని వేసుకోవచ్చా?

జవాబు: నిజంగా సమీక్షించిన వైద్యులు ఉండి, తమ పేరు వేయడానికి ఒప్పుకుంటేనే వేయండి. నాలుగు గుణాల్లోనూ విశ్వసనీయతే ప్రధానమనీ, నమ్మదగని పేజీని రాసినవారికి ఎంత అనుభవం, నైపుణ్యం ఉన్నా దానికి తక్కువ స్థాయే ఇవ్వాలనీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరోగ్యం, డబ్బు వంటి విషయాల్లో ఈ కొలత మరింత కఠినంగా ఉంటుంది. అంతమాత్రాన మీ రాతలకు విలువ లేదనుకోకండి. విందులో నలుగురూ బలవంతం చేస్తున్నప్పుడు ఎలా తప్పించుకుంటారో, ప్రయాణంలో మందులు ఎలా సర్దుకుంటారో చెప్పడానికి మీరే సరైనవారు. మందు మోతాదు, ఇన్సులిన్ మార్పుల దగ్గరికి వచ్చేసరికి ఆగి, వైద్యుడిని అడగమని రాయండి.

ప్రశ్న: కృత్రిమ మేధతో వ్యాసాలు రాయిస్తే శిక్ష పడుతుందా?

జవాబు: దేనితో రాశారన్నదానికంటే నాణ్యతనే చూస్తామని 2023 ఫిబ్రవరిలో గూగుల్ ప్రకటించింది. ర్యాంకుల కోసమే పేజీలను కుప్పలుగా తయారుచేయడం మాత్రం, మనుషులు చేసినా యంత్రాలు చేసినా, స్పామ్ కిందికే వస్తుంది. మీకు తెలిసిన విషయాన్ని చక్కదిద్దుకోవడానికి వాడుకోండి. వాడని వస్తువును వాడినట్టు సమీక్ష రాయించకండి.