‘టేకింగ్ బాగుంది’ అంటే టొరంటోలో అర్థం కాదు

ప్రశ్న: నేను రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా టీమ్‌లో సగం మంది టొరంటోలో ఉంటారు. పని గురించి ఇంగ్లీషులో తడుముకోకుండా మాట్లాడగలను. కానీ మీటింగ్ మొదలయ్యే ముందు వాళ్లు సినిమాల గురించో, సెప్టెంబరులో అక్కడ జరిగే ఫిల్మ్ ఫెస్టివల్ గురించో మాట్లాడుకుంటుంటే నా నోట ‘సూపర్’ తప్ప మరో మాట రాదు. ఇంగ్లీషు సినిమాలు ఎక్కువగా చూస్తే ఈ ఇబ్బంది తీరుతుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చూడటం వల్ల చెవికి అలవాటవుతుంది గానీ నోటికి కాదు. నా సలహా మీకు కాస్త విడ్డూరంగా తోచవచ్చు: ముందు జగదాంబ సెంటర్లో మీరు చూసిన తెలుగు సినిమా గురించే ఇంగ్లీషులో మాట్లాడండి. కథ మీకు తెలుసు, ఏది నచ్చిందో ఏది విసిగించిందో తెలుసు, కాబట్టి వెతుక్కోవలసింది మాటలు మాత్రమే.

చిక్కంతా ఆ మాటల దగ్గరే ఉంది. సినిమాల గురించి మనం మాట్లాడుకునే తెలుగులో సగం ఇంగ్లీషు మాటలే కావడంతో, అవి ఎక్కడైనా చెల్లుతాయని అనుకుంటాం. ‘ఆయన యాక్షన్ అదిరింది’ అని మనం నటనను మెచ్చుకుంటే, టొరంటోలో వినేవారు ఆయన ఫైట్లు బాగా చేశాడని అనుకుంటారు. నటనకు వాళ్ల మాట యాక్టింగ్, లేదా పెర్ఫార్మెన్స్. మనం ఎంతో ఇష్టంగా వాడే ‘టేకింగ్’ అక్కడ ఎవరికీ అర్థం కాదు, ‘ఇట్స్ వెల్ డైరెక్టెడ్’ అనాలి. రీరికార్డింగును స్కోర్ అంటారు. చప్పట్లు కొట్టించిన ఒక్క డైలాగును ‘గ్రేట్ లైన్’ అంటారు. ఇక అక్కడి థియేటర్లలో మామూలుగా విశ్రాంతి ఇవ్వరు గనుక, ‘ఇంటర్వెల్ బ్యాంగ్’ గురించి మీరు ఎంత ఉత్సాహంగా చెప్పినా వాళ్లు తెల్లముఖం వేస్తారు. ‘దేర్ ఈజ్ ఎ బిగ్ ట్విస్ట్ హాఫ్‌వే త్రూ’ అంటే వెంటనే అందుకుంటారు.

కాలాల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. మీరు సినిమా చూసిన సంగతి భూతకాలంలో చెప్పాలి, ‘ఐ సా ఇట్ యెస్టర్‌డే’ అని. ‘హావ్ సీన్’ పక్కన ‘యెస్టర్‌డే’ పొసగదు. కథను మాత్రం వర్తమానంలో చెప్పడం వాళ్ల అలవాటు: ‘ఎ ఫిషర్‌మన్ లూజెస్ హిజ్ బోట్’. ఉదయం బీచ్ రోడ్డులో నడిచే అలవాటుంటే, కాళీమాత గుడి దగ్గర కథ మొదలుపెట్టి కురుసుర సబ్‌మెరైన్ వచ్చేలోగా ముగించండి. పక్కన స్నేహితురాలు ఉంటే మరీ మంచిది, ఎందుకంటే ఆమె ‘వై?’ అని అడిగినప్పుడే ‘సూపర్’ తర్వాత రావలసిన వాక్యం బయటికి వస్తుంది.

ఫెస్టివల్ సంభాషణలో మీరు అన్ని సినిమాలూ చూసి ఉండనక్కరలేదు, మంచి ప్రశ్న వేస్తే చాలు. 1976లో మొదలైన టొరంటో ఫెస్టివల్‌ను అక్కడివారు ముద్దుగా ‘టిఫ్’ అంటారు. ఫ్రాన్స్‌లోని కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతిని జ్యూరీ నిర్ణయిస్తుంది, టొరంటోలో మాత్రం పీపుల్స్ చాయిస్ అవార్డును ప్రేక్షకుల ఓట్లే తేలుస్తాయి. అందువల్ల ‘విచ్ ఫిల్మ్ డిడ్ యు ఓట్ ఫర్?’ అని అడిగి చూడండి, అవతలివారు ఆపకుండా మాట్లాడతారు. తిరిగి మిమ్మల్ని అడిగితే, మన దేశపు ఫెస్టివల్ 1952లో బొంబాయిలో మొదలై 2004 నుంచి గోవాలో జరుగుతోందని చెప్పవచ్చు. ‘ప్రీమియర్’ అన్న మాట వినబడితే మాత్రం విడుదలకు ముందురోజు రాత్రి మనవాళ్లు ఎగబడి టికెట్లు కొనే షో అనుకోకండి. ఫెస్టివల్‌లో అది ఆ సినిమా తొలి ప్రదర్శన.

ప్రశ్న: నేను ‘ఫిలిం’ అంటే స్నేహితులు నవ్వుతున్నారు. ఎలా సరిచేసుకోవాలి?
– ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: ఐర్లాండులో పుట్టి పెరిగి ఇంగ్లీషే మాట్లాడేవారిలో చాలామంది ‘ఫిలిం’ అనే అంటారు, కాబట్టి మరీ చిన్నబుచ్చుకోకండి. అయినా సరిచేసుకోవడం తేలికే. ‘కల్మషం’ అన్న మాటను మీరు ‘కలిమషం’ అనరు కదా, అక్కడ ‘ల’కు ‘మ’ ఎలా అంటుకుందో గమనించి, ‘ఫి’ తర్వాత అంతే చప్పున పెదవులు మూయండి.