నైలు నది "పైకి" ఎలా పారుతుంది?

మీ బాబు అడిగింది మంచి ప్రశ్నేనండీ: గ్లోబు మీద ఉత్తరం పైన ఉంది కదా, మరి దక్షిణం నుంచి ఉత్తరానికి పారే నైలు నది కింది నుంచి పైకి ఎలా ఎక్కుతోంది? తిరకాసంతా "పైన" అనే మాటలోనే ఉంది. గ్లోబును స్టాండు మీద ఉత్తరం పైకి వచ్చేలా బిగించడం మనుషుల అలవాటు, అంతే. 1154లో అరబ్ భూగోళ శాస్త్రవేత్త అల్ ఇద్రీసీ గీసిన పటంలో దక్షిణమే పైన ఉంటుంది.

నీళ్లకు దిక్కులు తెలియవు, పల్లమే తెలుసు. నైలు బయలుదేరే విక్టోరియా సరస్సు సముద్ర మట్టానికి సుమారు 1,134 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి మధ్యధరా సముద్రం దాకా నైలుకు దిగుడే.

ఇలా చూపించండి. గ్లోబు మీద ఎక్కడైనా ఒక చింతగింజను బంకతో అంటించి, అదే కొండ అనుకోమనండి. దాని ఎత్తు ఉత్తరానికి కాదు, గ్లోబు నుంచి బయటికి ఉంటుంది. గ్లోబును తలకిందులు చేసినా అది కొండే. (నిజానికి చింతగింజ చాలా ఎక్కువ. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు మీద ఎవరెస్టు ఎత్తు సుమారు రెండు కాగితాల మందమే!)

అంత దూరం ఎందుకులెండి, మన మంజీరానే తీసుకోండి. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా కొండల్లో పుట్టి ఆగ్నేయంగా వస్తుంది. తెలంగాణలోకి వచ్చాక ఉత్తరానికి మళ్లి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అది ఎక్కుతోందని మెదక్‌లో ఎవరూ అనుకోరు. కాశీలో గంగదీ ఉత్తర దిక్కే, అందుకే ఉత్తరవాహిని అంటారు.