మడ మొక్కకు ముందు నీటిదారి

ప్రశ్న: మాది తాళ్లరేవు దగ్గర ఊరు. పాయ పక్కన బోడిగా ఉన్న పర్రలో (ఉప్పునేలలో) రెండేళ్లు వరసగా మడ (మాంగ్రూవ్) మొక్కలు నాటాం. వానాకాలమంతా పచ్చగా ఉంటాయి, మే వచ్చేసరికి ఒక్కటీ మిగలదు. లోపం మొక్కల్లోనా, నేలలోనా?

జవాబు: మొక్కల్లో కాదండీ, నీటి నడకలో ఉంది. మడ నరికిన చోట నేల ఎండకు బిగిసి, కుంగి, పళ్లెంలా పల్లమవుతుంది. అమావాస్య, పౌర్ణమి పోట్లకు లోపలికి వచ్చిన నీరు పాటుకు (నీరు వెనక్కి తీసే వేళకు) తిరిగి పోలేక అక్కడే నిలిచిపోతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, ఇలాంటి పల్లాల్లో వేసవికి అది రెండింతలు దాటగలదు. మడ జాతుల్లో తెల్లమడ ఎంత మొండిదైనా లేత వయసులో అంత ఉప్పుకు ఆగదు. వేసవిలో గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు మంచినీరు బాగా తగ్గిపోతుంది కనుక, ఆ ఉప్పును కడగాల్సింది పోటుపాట్లే.

ముందు పరీక్ష చేయండి. ఏప్రిల్‌లో అడుగు లోతు గుంట తీసి, ఊరిన నీటిని రొయ్యల రైతుల దగ్గరుండే రిఫ్రాక్టోమీటరుతో (నీటిలో ఉప్పు కొలిచే పరికరంతో) చూడండి. వానాకాలపు లెక్కను నమ్మొద్దు, అది మోసం చేస్తుంది.

మందు చేపముల్లు కాలువలు. పాయ నుంచి, పాయకు 45 డిగ్రీల కోణంలో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా 30 డిగ్రీల కోణంలో పిల్ల కాలువలు. పెద్దదాని వెడల్పు పైన పదడుగులు, అడుగున మూడు, లోతు సుమారు మూడడుగులు. ప్రతి పోటుకూ నిండాలి, ప్రతి పాటుకూ పాయలోకి దిగిపోవాలి. తవ్విన మట్టిని గట్టుగా పోస్తే మళ్లీ నీటికి అడ్డుకట్టే, పలచగా పరిచేయండి. కోరింగ అభయారణ్యం, రిజర్వు అడవి పరిధిలో అటవీశాఖ అనుమతి లేనిదే పార పెట్టకూడదు.

మొక్కను గట్టుమీద నాటితే ఎండుతుంది, అడుగున నాటితే ఒండ్రులో కూరుకుపోతుంది. కాలువ వాలు మధ్యలో, రెండు మీటర్ల ఎడంతో తెల్లమడ, నల్లమడ పెట్టండి. ఉప్పుపొన్న అనే మడ జాతి రోజూ పోటు తగిలే పాయ అంచుకే తగినది, పర్రలో వద్దు. గేదెలకు మడాకు మహా ఇష్టం. మొదటి మూడేళ్లు కంచె గానీ కాపలా గానీ తప్పదు. ఏటా వరదల తర్వాత పిల్ల కాలువల మొగల్లో ఒండ్రు పేరుకుంటుంది, అది తీయకపోతే పర్ర మళ్లీ పళ్లెమే అవుతుంది.